అమానతులో మూడు నెలలు

కాలేజీ బస్సుల వెనక అద్దం కింద ‘డ్రైవర్ దురుసుగా నడిపితే ఈ నంబరుకు చెప్పండి’ అని ఒక ఫోన్ నంబరు రాసి ఉంటుంది. ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల మీద చాలా ఏళ్లు ఆ నంబరు నాదే. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి అని నా ఉద్యోగం పేరు. బస్సు ఆలస్యమైందని తల్లిదండ్రులు ఫోన్ చేసేవారు, దుమ్ము లేపుకుంటూ పోయిందని రైతులు చేసేవారు. ఒకసారి ఎవరో చేసి, “ఊకెనే చేసిన సార్, నిజంగ ఎత్తుతరా లేదా అని” అన్నాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు టైర్ల గురించి, డీజిల్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఈ ఉద్యోగంలో మనం చూసుకోవలసింది బస్సులను కాదు, డ్రైవర్లను. రాత్రి నిద్రపోయాడా, ఇంట్లో గొడవ పడి వచ్చాడా, కళ్లు సరిగా కనబడుతున్నాయా అన్నది పొద్దున తాళం చెవి చేతిలో పెట్టేటప్పుడే తెలుసుకోవాలి. కందుకూరు రూటు నడిపే పెద్దాయన ఒకరు ఏటా కంటి పరీక్షలో అన్ని అక్షరాలూ గడగడా చదివేవాడు. ఒక ఏడు కొత్త బోర్డు వచ్చింది. ఆయన దాని ముందు నిలబడి పాత బోర్డులోని అక్షరాలే చదివాడు. నవ్వుకున్నాం గానీ, అన్ని రోజులు పిల్లలను ఆయన చేతిలో పెట్టి పంపిన సంగతి గుర్తొచ్చి ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆ తర్వాత ఎవరి కన్ను, ఎవరి లైసెన్సు అయినా కాగితం చూసి నమ్మడం మానేశాను. లేదా మానేశాననుకున్నాను.

రోజూ సాయంత్రం ఆ రోజు ఏ బస్సు ఎవరు నడిపారు, ఎప్పుడు వెళ్లింది, దారిలో ఏం జరిగింది అన్నది డైరీలో రాసేవాణ్ణి. ఇప్పుడు ఆ డైరీలు ముందేసుకునే రాస్తున్నాను. చాలా సంగతులు చదివితే స్పష్టంగా ఉన్నాయి. యాదయ్య లైసెన్సు సంగతి మాత్రం ఎన్నిసార్లు చదివినా ఎటూ తేలడం లేదు. తేలని దాన్ని కూడా రాయడమే మంచిదనిపించింది.

రెండు రింగులు

యాదయ్య జల్‌పల్లి రూటు డ్రైవరు. సొంతూరు కందుకూరు దగ్గర. వ్యవసాయం కలిసిరాక స్టీరింగ్ పట్టుకున్నవాడు. పగ్గం పట్టి ఎద్దులను ఆపినట్టు మెత్తగా బ్రేకు వేసేవాడు. కాలేజీ నుంచి దూర ప్రయాణం ఏది ఉన్నా ఆయననే పంపేవాణ్ణి.

నా దగ్గర ఒక నియమం ఉండేది. నేను ఫోన్ చేస్తే డ్రైవరు రెండు రింగుల్లోపల ఎత్తాలి. మూడో రింగు వరకు ఆగితే సాయంత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. దీన్ని నేను క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. మా ఏఓ, అంటే కాలేజీ పరిపాలన చూసే అధికారి, నలుగురి ముందు మెచ్చుకునేవాడు కూడా: “రెడ్డి సాబ్ ఫోన్ జేస్తే బస్సు గూడ హలో అంటది.”

ఒక ఏడాది మూడో సంవత్సరం పిల్లలను బీదర్ దగ్గరి ఒక ఫ్యాక్టరీ చూపించడానికి పంపాం. పొద్దున్నే బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, జహీరాబాద్ మీదుగా వెళ్లారు. తొమ్మిది దాటాక ఎక్కడున్నారో అడుగుదామని యాదయ్యకు ఫోన్ చేశాను. బస్సులో లెక్చరర్ ఉన్నాడు, ఆయన నంబరు నా దగ్గర ఉంది. అయినా డ్రైవరుకే చేశాను, అలవాటు అది. రెండో రింగుకు ఎత్తాడు.

“ఏడిదాక పోయిండ్రు యాదయ్యా?”

“బార్డర్ దాటినం సార్. ముంగట చెక్‌పోస్టు...” అని ఆగాడు. ఆ తర్వాత వినబడింది అతని మాట కాదు, విజిలు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని యాభైమంది పిల్లలున్న బస్సు నడుపుతున్నందుకు కర్ణాటక చెక్‌పోస్టులో అతని లైసెన్సు కార్డు తీసుకున్నారు. బదులుగా నాలుగు వరుసల చీటీ ఒకటి ఇచ్చారు. అక్కడి అధికారి యాదయ్య ఫోన్‌లోనే నాతో హిందీలో మాట్లాడి, ఈ లైసెన్సు ఏ ఊరిదని అడిగాడు.

“ఇబ్రహీంపట్నం” అన్నాను.

“సరే” అని పెట్టేశాడు.

చదవగలిగిన చీటీ

సాయంత్రం యాదయ్య చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కన్నడం. మన అక్షరాలకు దగ్గరి చుట్టమే కాబట్టి కూడబలుక్కుని చదవొచ్చు. ఇద్దరం తలలు ఆనించి చదివాం. ‘చాలనా పరవానగి’ అన్నది లైసెన్సే అని తెలిసింది. తర్వాత ‘అమానతు’. తర్వాత ‘మూరు తింగళు’. చివర ‘శిఫారసు’.

“తింగళు అంటే ఏంది సార్? నన్ను తింగరోడు అన్నడా?” అన్నాడు యాదయ్య.

“ఆయన నోటితోని ఏమన్నడు?”

“తీన్ మహీనే అన్నడు.”

“అయితే తింగళు అంటే నెలలు. మూడు నెలలు.”

“మరి గీ సిఫారసు? మనకు ఎవలన్న సిఫారసు జేసిండ్రా?”

లెక్చరర్ బతిమాలి ఉంటాడు, అదే రాసి ఉంటారని చెప్పాను. ఇక మిగిలింది అమానతు. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా తాత పట్వారీ. ఊళ్లోవాళ్లు పట్టా కాగితాలు తెచ్చి ఆయన దగ్గర అమానతు పెట్టేవారు, ఆయన పెట్టెలో భద్రంగా దాచి, అడిగిననాడు తీసి ఇచ్చేవాడు. “అమానతు అంటే దాపుకు పెట్టుకున్నట్టు. కార్డు వాళ్ల దగ్గర మూడు నెలలుంటది. అప్పటిదాక నువ్వు నడపరాదు. మూడు నెలలైనంక పోయి తెచ్చుకుందాం” అని తేల్చేశాను.

కాలేజీలో కన్నడం వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. ఎవరినీ అడగలేదు. అది అరవమో ఒరియానో అయి ఉంటే అడిగేవాణ్ణే. అర్థమైనట్టు కనబడింది కాబట్టి అడగాలని తోచలేదు. నా అనుభవంలో అర్థం కాని కాగితం వల్ల చెడింది తక్కువ. సగం అర్థమైన కాగితం వల్ల చెడిందే ఎక్కువ.

యాదయ్య ఒక్కటే అడిగాడు: “కర్ణాటకల పట్టుకున్నది గద సార్, ఈడ నడిపితే ఏమైతది?”

దానికి మాత్రం సరైన జవాబే చెప్పాను. లైసెన్సు దేశమంతటికీ ఒకటే. ఒక రాష్ట్రంలో నడపొద్దంటే పక్క రాష్ట్రంలో కూడా నడపొద్దు. కొత్తగా చేరే డ్రైవర్లలో సగంమంది నేటికీ దీన్ని నమ్మరు. వాళ్లకు చెప్పవలసిన మొదటి మాట ఇదే.

ఏఓ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. ఆయన మనసున్నవాడే గానీ ఓపిక లేనివాడు. “మూడు నెలలు ఆగుత. జల్‌పల్లి రూటుకు తాత్కాలికంగ మనిషిని పెట్టుకో. ఆ తర్వాత ఒక్క దినం గూడ ఆగ” అన్నాడు. యాదయ్య ఇద్దరు ఆడపిల్లలు మా కాలేజీ ట్రస్టు బడిలోనే చదువుతున్నారు. ఆ రూటు పోతే నౌకరి ఒక్కటే కాదు, పిల్లల బడి కూడా పోతుంది. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

కూర్చున్న మనిషి

యాదయ్య ఆ మూడు నెలలు ఎట్లా గడిపాడో డైరీలో రోజువారీగా ఉంది. యార్డులో బస్సులు కడిగే పని, టైర్లలో గాలి చూసే పని ఇచ్చాను. ఇంటి నుంచి కాలేజీకి తమ్ముడి మోటారు సైకిలు మీద వెనక కూర్చుని వచ్చేవాడు. తమ్ముడికి జ్వరమొచ్చిన వారం ఆ బండి ఇంట్లోనే ఉన్నా ముట్టలేదు, ఆర్టీసీ బస్సుకు వచ్చాడు. తోటి డ్రైవర్లు ఆట పట్టించేవారు.

“ఏం అన్నా, ఎద్దుల బండికి గూడ లైసెన్స్ అడుగుతున్నరా?”

“అడుగుతరు, ఎద్దు ఫోన్ మాట్లాడుతుంటె” అని ఇతను బకెట్టు ఎత్తుకుపోయేవాడు.

రెండో నెల చివర్లో ఒక రోజు. సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నాయి. జల్‌పల్లి రూటు తాత్కాలిక డ్రైవరు బొంగులూరు దాటగానే బస్సు పక్కకు ఆపి వాంతులు చేసుకున్నాడు. లేవలేకపోయాడు. బస్సు నిండా పిల్లలు, పరీక్షకు ముప్పావుగంట ఉంది. మిగిలిన డ్రైవర్లందరూ రూట్ల మీద ఉన్నారు. యార్డులో యాదయ్య ఒక్కడే ఉన్నాడు, చేతిలో నీళ్ల పైపుతో.

“యాదయ్యా, జీపుల కూసో. బొంగులూరుకాడ బస్సు ఆగింది. తీస్కరావాలె.”

“సార్, నాది అమానతుల ఉంది గద.”

“తెలుసు. పిల్లలకు పరీక్ష ఉంది. పద.”

పైపు కట్టేసి, చేతులు తుడుచుకుని, ఇంకో మాట లేకుండా ఎక్కాడు. బస్సును కాలేజీకి తెచ్చాడు. పిల్లలు పరీక్ష రాశారు. ఏమీ జరగలేదు. సాయంత్రం నేను అన్ని రోజుల్లాగే రాశాను: ‘జల్‌పల్లి బస్సు. బొంగులూరు నుండి కాలేజీ వరకు యాదయ్య నడిపినాడు. నేను చెప్పినందున.’

ఆ చివరి మాట ఎందుకు రాశానో ఇప్పుడు గుర్తు లేదు. రాయకుండా ఉండగలిగేవాణ్ణి.

టీకి వెళ్లిన గుమాస్తా

మూడు నెలలు నిండిన మర్నాడే ఇద్దరం ఆర్టీసీ బస్సులో బయలుదేరి ఆ చెక్‌పోస్టుకు వెళ్లాం. అక్కడ బల్ల దగ్గర గుమాస్తా ఒకాయన ఉన్నాడు. తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడాడు. చీటీ చూపించి, మా అమానతు ఇచ్చేయమన్నాను. ఆయన నన్ను, చీటీని మార్చి మార్చి చూశాడు.

“సాబ్, అమానతు అంటే మీకేం సమజైంది?”

చెప్పాను. ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. కన్నడంలో అమానతు అంటే సస్పెండ్ చేయడం. శిఫారసు అంటే సిఫారసే, కానీ మనకు చేసిన ఉపకారం కాదు. ఈ లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేయవచ్చునని, లైసెన్సు ఇచ్చిన ఊరి అధికారికి వీళ్లు చేసే సిఫారసు. చేయాలా వద్దా అన్నది ఆ అధికారి డ్రైవరు చెప్పేది విని నిర్ణయించాలి. వీళ్లు కార్డు తీసుకుని పంపడం వరకే.

“అంటే మూడు నెలలు...” అన్నాడు యాదయ్య.

“ఇంకా షురువే కాలే అన్నా. ఆర్డర్ వస్తెనే షురువు.”

“మరి మా ఊరి అధికారి దగ్గర్నుంచి మాకు కాగితం ఎందుకు రాలేదు?” అని అడిగాను.

ఆయన రిజిస్టరు తీసి వేలితో వరుస చూపించాడు. పంపిన చోటు ఇబ్రహీంపట్నం, ఆంధ్రప్రదేశ్. యాదయ్య లైసెన్సు రాష్ట్రం విడిపోకముందు తీసుకున్నది, నంబరు ఏపీ అనే మొదలవుతుంది. నేను ఫోన్‌లో ఊరి పేరు ఒక్కటే చెప్పాను. ఆ రెండూ కలిపి చూస్తే ఎవరైనా కృష్ణా నది ఒడ్డున ఉన్న ఆ ఇబ్రహీంపట్నానికే పంపుతారు. అక్కడివాళ్లు సరిగ్గానే ‘ఈ లైసెన్సు మాది కాదు’ అని రాసి తిప్పి పంపారు. అల్మారాలోంచి ఒక కట్ట తీసి, అందులోంచి ఒక కవరు లాగి బల్ల మీద పెట్టాడు గుమాస్తా.

“ఎన్ని ఇబ్రహీంపట్నాలున్నయి సాబ్ మీకు?”

ఆలోచించాను. జగిత్యాల వైపు ఇంకొకటి ఉంది. “మూడు” అన్నాను. పుట్టి పెరిగిన ఊరి పేరు చెప్పినప్పుడు అది ఏ జిల్లా, ఏ రాష్ట్రం అని జోడించాలని ఎవరికి తోస్తుంది? నాకు ఇబ్రహీంపట్నం అంటే ఒక్కటే.

ఆయన కవరు వైపు చూశాడు. యాదయ్య వైపు చూశాడు. “పాపం, మూడు నెలలు ఊకెనే కూసున్నడు” అన్నాడు. కవరును మా వైపు కొంచెం జరిపి, “నేను పోయి చాయ్ తాగి వస్త” అని లేచి బయటికి వెళ్లాడు.

కవరు అంచు ఊడి ఉంది. లోపలి కార్డు మూల కనబడుతోంది. తీసి జేబులో పెట్టుకుంటే అడిగేవాడు లేడు. మా రాష్ట్రం కంప్యూటర్లో యాదయ్య లైసెన్సు మీద ఏ మచ్చా లేదు. మర్నాడు పొద్దున అతను జల్‌పల్లి రూటు ఎక్కవచ్చు. శిక్ష పడకముందే శిక్ష అనుభవించిన మనిషి. న్యాయంగా చూసినా ఎవరికీ బాకీ లేడు.

యాదయ్య కవరును చూడలేదు. నన్ను చూస్తున్నాడు. నేను ఫ్యాన్ వైపు చూస్తున్నాను.

ఆ పది నిమిషాల్లో ఏం ఆలోచించానో డైరీలో రాసి ఉంది కానీ ఇప్పుడు చదివితే అది ఇంకెవరిదో అనిపిస్తుంది. ‘అన్నీ రాసి ఉన్నాయి. మూడు నెలలు నడపలేదనడానికి రుజువు ఉంది. చూపిస్తే ఆ రోజులు లెక్కలో కలుపుతారు. దొంగతనంగా ఎందుకు?’ అని రాసుకున్నాను. కాగితం మీద నమ్మకం నాకు అంత ఉండేది.

గుమాస్తా తిరిగి వచ్చాడు. కవరు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఆయన ముఖంలో కనబడింది మెప్పో జాలో తెలియలేదు. నేను సరైన చిరునామా చెప్పాను, జిల్లా, రాష్ట్రం, అన్నీ. ఆయన రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో జహీరాబాద్ దాటాక యాదయ్య, “సార్, ఆయన నిజంగ చాయ్ తాగిండంటరా?” అన్నాడు. తాగే ఉంటాడన్నాను.

ఒక పేజీ

ఈసారి కవరు చేరవలసిన చోటికే చేరింది. కొన్ని రోజులకు రవాణా అధికారి నుంచి యాదయ్యకు నోటీసు వచ్చింది: మీ లైసెన్సును ఎందుకు సస్పెండ్ చేయకూడదో వచ్చి చెప్పుకోండి.

ఇక్కడే కొత్తవాళ్లకు ఒక మాట. చెక్‌పోస్టులో ఇచ్చే చీటీ ఆర్డరు కాదు. ఆర్డరు మీద తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో ఉంటుంది. అది చేతికి వచ్చేదాకా ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టకండి, కూర్చోబెడితే ఆ సంగతి ఆ అధికారికి అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. నేను రెండూ చేయలేదు.

విచారణకు డైరీ తీసుకుని యాదయ్యతో వెళ్లాను. ముందు రోజు కూర్చుని ఆ మూడు నెలల పేజీల్లో చీటీలు పెట్టాను. బొంగులూరు రోజు పేజీ వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ చీటీ పెట్టాలా వద్దా? పెట్టలేదు. చింపాలన్న ఆలోచన మాత్రం రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను.

అధికారి ఒక మేడం. నిదానంగా మాట్లాడేది. అంతా విని, “మూడు నెలలు నడపొద్దని మీకు ఎవరు చెప్పిండ్రు?” అని అడిగింది.

“ఎవరూ చెప్పలేదు మేడం. చీటీ చదివి మేమే అనుకున్నాం.”

“ఆర్డర్ లేకుండా సస్పెన్షన్ ఉండదు కదా. అయినా చూద్దాం” అని డైరీ చేతికి తీసుకుంది. చీటీ పెట్టిన పేజీలే చూస్తుందనుకున్నాను. ఆమె వరసగా తిప్పింది. చదివే మనిషి. బొంగులూరు పేజీ దగ్గర ఆగింది. రెండుసార్లు చదివింది.

“ఇది?”

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

“చూడండి. ఈ మూడు నెలలు సస్పెన్షన్ కింద లెక్క పెట్టుమంటున్నరు. అట్ల లెక్క పెడితే ఈ రోజు సస్పెన్షన్‌లో ఉన్న మనిషితోని పిల్లల బస్సు నడిపించినట్టు. నడిపిన ఆయన మీద, నడిపించిన మీ మీద, ఇద్దరి మీదా కేసు అయితది. లేదు, ఆ రోజు సస్పెన్షన్ లేదు అంటరా, అప్పుడు తప్పు లేదు. కానీ ఈ మూడు నెలలు కూడా లేవు.”

ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. ఎటు తిప్పినా సరిగ్గానే ఉంది. నేను ఎక్కడ తప్పాను అని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒక్క చోట దొరకడం లేదు.

“డైరీ రికార్డులోకి తీసుకోమంటే తీసుకుంట. పేజీలు ఏరి తీసుకోను. మీరే చెప్పండి” అంది.

నేను తీసుకోమని చెప్పాలనే అనుకున్నాను. నా మీద కేసు అయినా సరే అని. నాకు గుర్తున్నంత వరకు అదే అనుకున్నాను. కానీ మాట వచ్చేలోపల యాదయ్య లేచి నిలబడ్డాడు.

“ఆ బుక్కు వద్దు మేడం. నేను మల్ల కూసుంట.”

మేడం అతన్ని అడిగింది: “ఆ రోజు ఫోన్ చేసింది ఎవరు, బస్సు నడుపుతున్నప్పుడు?”

నేనే అని చెప్పాను.

“ఫోన్ ఎత్తినాయనను ఆపే సెక్షన్ నా దగ్గర ఉంది. చేసినాయనను ఆపేది లేదు” అంది. కోపంగా అనలేదు. డైరీ మూసి నా చేతికి ఇచ్చింది.

ఆర్డరు వచ్చింది. ఆ తేదీ నుంచి మూడు నెలలు. తగ్గించి ఉండవచ్చు కదా అని చాలాసార్లు అనుకున్నాను. కానీ యాభైమంది పిల్లల బస్సు, చెవి దగ్గర ఫోన్. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా ఎక్కువే రాసేవాణ్ణేమో. ఆమెను తప్పు పట్టలేను.

ఏఓ దగ్గర నా మాట చెల్లలేదు. “మూడు నెలలన్నరు, ఆగిన. మల్ల మూడు నెలలంటరు. ఇగ బస్సును గూడ అమానతుల పెట్టాల్నా రెడ్డి సాబ్?” అన్నాడు. తాత్కాలిక మనిషే జల్‌పల్లి రూటుకు ఖాయమయ్యాడు. యాదయ్య పిల్లలను విద్యా సంవత్సరం చివరి వరకు బడిలో ఉంచేట్టు మాత్రం ఒప్పించగలిగాను. తర్వాత వాళ్లు కందుకూరు సర్కారు బడికి మారారు.

నౌకరి పోయిన సంగతి చెప్పడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. యాదయ్య లేడు. భార్య అలివేలు గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. నేను చెప్పడం అయిపోయేదాకా చాట ఆపలేదు.

“సార్, మీరు ఫోన్ జెయ్యకపోతే నౌకరి ఉండు. ఆ చాయ్ తాగొచ్చేటాయన పెట్టిన కవరు మీరు తీస్కున్నా నౌకరి ఉండు. ఆ పిల్లల బస్సు తెమ్మనకపోతే గూడ ఉండునేమో. ఇందుల దేన్ని వట్టుకొని మిమ్ముల తిట్టాలె? జర మీరే చెప్పుండ్రి.”

ఏదైనా ఒకటి అని ఉంటే నేను తల వంచుకుని వచ్చేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

తర్వాత

వాళ్ల ఇంటికి వెళ్లొచ్చిన మర్నాడే ఆ రెండు రింగుల నియమం తీసేశాను. బస్సు కదులుతున్నప్పుడు డ్రైవరుకు ఎవరూ ఫోన్ చేయకూడదని, నాతో సహా, గోడ మీద రాయించాను. ప్రయాణాల్లో లెక్చరర్‌కే చేసేవాణ్ణి. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన కాగితాన్ని ఆ భాష వచ్చినవాళ్లతో చదివించకుండా ఏ డ్రైవరునూ ఆపలేదు, ఏ డ్రైవరునూ పంపలేదు. ఇవి నేను నేర్చుకున్నవి. చెప్పడానికి సులువైనవి ఇవే.

ఆ కవరు దగ్గర చేసింది ఒప్పేనా అన్నది నేర్చుకోలేదు. కార్డు తీసుకుని ఉంటే ఒక కుటుంబం నిలబడేది. ఎవరికీ నష్టం లేదు. తీసుకోకపోవడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే, నాకు కనబడలేదు. మీలో ఎవరైనా అదే బల్ల ముందు కూర్చుంటే ఏం చేయాలో చెప్పమని అడిగితే నా దగ్గర జవాబు లేదు. బొంగులూరు నుంచి బస్సు తెప్పించింది ఒప్పా తప్పా అంటే కూడా అంతే.

రెండో మూడు నెలలు అయ్యాక యాదయ్య ఆదిబట్ల వైపు ఒక కంపెనీలో ఉద్యోగులను తెచ్చే బస్సుకు కుదిరాడు. నేను రిటైరయ్యాక ఒక రోజు బొంగులూరు దగ్గర హోటల్లో కనబడ్డాడు. పెద్ద పిల్ల డిగ్రీ చదువుతోందట. చిన్నది నర్సింగ్‌లో చేరిందట. ఇద్దరం టీ తాగాం. అప్పుడు అడిగాను, ఇన్నాళ్లూ అడగలేనిది.

“ఆ రోజు మేడం ముంగట డైరీ వద్దన్నవ్. నా మీద కేసు అయితదనా?”

“అది గూడ ఉండె” అన్నాడు. గ్లాసును బల్ల మీద కొంచెం తిప్పాడు. “చెక్‌పోస్టు కాడ ఆయన చాయ్‌కి పోయిండు గద సార్. మీరు గూడ లేసి బయటికి పోతరేమో అని సూసిన. మీరు పోతే నేను తీస్కుందునో లేదో నాకు గూడ తెల్వది. కాని మీరు లెవ్వలే. గప్పుడే అర్థమైంది, ఈ సార్ ఏ పేజీ చింపడు, నేను చింపుమని అనలేను. ఇగ మిగిలింది కూసునుడే గద.”

నవ్వలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. షిఫ్టు వదిలే వేళైందని గ్లాసు కింద పెట్టి, బస్సు వైపు నడిచాడు.